మనుషుల రూపంలో స్తంభాలు: ఒకే ఎత్తులో గీసి పోలుస్తున్న షీట్లు, ఇప్పటిదాకా

ప్రాచీన, మధ్యయుగ శైలుల్ని పోల్చడానికి నేను పెట్టుకున్న ప్రాజెక్ట్ ఇది. స్తంభం ఉండాల్సిన చోట మనిషి బొమ్మని నిలబెట్టిన కట్టడాల్ని తీసుకుని, ఒక్కో చోటికి ఒక్కో ఏ4 షీట్ పెట్టి, అన్నిటినీ ఒకే ఎత్తులో గీస్తున్నా. ఈజిప్ట్, ఏథెన్స్, సాంచి, రామప్ప, ఫ్రాన్స్‌లో షార్త్ర్, మెక్సికోలో తూలా అయిపోయాయి, సిసిలీలోని అగ్రిజెంతో షీట్ ఇప్పుడు నడుస్తోంది.

ఈ టాపిక్కే ఎందుకంటే, గోపురాలు, ఆర్చీలు, శిఖరాలు అంటూ పోల్చడం మొదలుపెడితే ఒకళ్ళ దగ్గర ఉన్నది ఇంకొకళ్ళ దగ్గర అసలు ఉండదు, చివరికి రెండు లిస్టులు పక్కపక్కన పెట్టుకుని కూర్చోవడమే అవుతుంది. మనిషి ఒళ్ళు అలా కాదు, ఎవరికైనా మోకాలు మోకాలే, మెడ మెడే. అదే ఒంటిని ఒకళ్ళు సాగదీసి, ఒకళ్ళు కుదించి, ఒకళ్ళు మూడు వంపులు తిప్పి చెక్కారంటే ఆ తేడా వాళ్ళ చూపులోంచే వచ్చిందని గట్టిగా చెప్పొచ్చు.

ముందు కొలత సంగతి, ఎందుకంటే దీనికే ఎక్కువ టైం పట్టింది, తేలాక పని చాలా సులువైంది. ఎత్తు 216 మిల్లీమీటర్లు పెట్టుకున్నా. ఈజిప్ట్ వాళ్ళు నిలబడ్డ మనిషిని అరికాలి నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు దాకా 18 గళ్ళుగా లెక్కపెట్టేవాళ్ళు, ఒక గడి దాదాపు ఒక పిడికిలి. 216ని 18తో భాగిస్తే గడి 12 మి.మీ. మన విష్ణుధర్మోత్తర పురాణంలో బొమ్మల కొలతలు చెప్పే చిత్రసూత్రం, ఐదు రకాల మనుషుల్లో ఒకడైన హంస పురుషుడికి 108 అంగుళాలు చెప్తుంది. ఈ అంగుళం ఇంచి కాదు, బొమ్మ ఎత్తులో 108వ వంతు, అంటే ఇక్కడ సరిగ్గా 2 మి.మీ., 12 అంగుళాలు కలిస్తే తాళం అనే కొలత, అది 24 మి.మీ. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ తల ఎత్తు మొత్తం ఒంట్లో ఎనిమిదో వంతు అన్నాడు, అది 27 మి.మీ. అన్నీ మామూలు గ్రాఫ్ పేపర్ మీద శేషం లేకుండా పడతాయి, పైన కిరీటాలకీ కింద పీఠాలకీ కూడా ఏ4లో చోటు మిగులుతుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి, ఈజిప్ట్ లెక్క జుట్టు గీత దగ్గరే ఆగుతుంది, నడినెత్తి దానికి ఇంకో గడి పైన, ఎందుకంటే కిరీటాలు, విగ్గులు బొమ్మ బొమ్మకీ మారతాయి కాబట్టి వాళ్ళు మారని చోటే గీత పెట్టారు.

పేపర్ స్ట్రిప్ పద్ధతి కూడా చెప్తా. తమిళనాడులో కంచు విగ్రహాలు పోసే స్వామిమలై శిల్పులు విగ్రహం ఎత్తుకి కొబ్బరాకు ముక్క కోసి దాన్నే మడిచి తాళాలు, అంగుళాలు గుర్తుపెట్టుకుంటారు, స్కేలు అక్కర్లేదు. నేను 216 మి.మీ. కాగితపు స్ట్రిప్‌ని మూడుగా మడిచి మళ్ళీ మూడుగా మడుస్తా, తొమ్మిది తాళాలు వచ్చేస్తాయి. స్ట్రిప్‌ని బొమ్మ పక్కన ఆనించి మడతల దగ్గర చుక్కలు పెట్టుకోవడమే. గ్రాఫ్ గీతల కన్నా ఇదే చేతికి బాగా వస్తుంది, కొలతలు కళ్ళకే అలవాటైపోతాయి.

చిత్రసూత్రం లెక్క కింద నుంచి పైకి ఇది: చీలమండ 3 అంగుళాలు, పిక్క 24, మోకాలు 3, తొడ 24, అక్కణ్ణుంచి బొడ్డుకి 12, బొడ్డు నుంచి గుండెకి 12, గుండె నుంచి కంఠం మొదటికి 12, మెడ 4, ముఖం 12, నుదుటి పైన 2. కూడితే 108. దీన్ని ట్రేసింగ్ పేపర్ మీద గీసి ఈజిప్ట్ గళ్ళ మీద పరిచినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది. తొడలు మొదలయ్యే చోటు రెండింటిలోనూ 108 మి.మీ. దగ్గరే పడింది, వాళ్ళకి తొమ్మిదో గీత, మనకి 54వ అంగుళం. బొడ్డు కూడా రెండింటిలోనూ 132 దగ్గరే, అక్కడ వాళ్ళది పదకొండో గీత. కానీ మోకాలు విడిపోతుంది, ఈజిప్ట్‌లో ఆరో గీత అంటే 72 మి.మీ., మనకి మోకాలి పై అంచు 60. అంటే నడుము దగ్గర ఒకటే మనిషి, కిందా పైనా వేరే మనుషులు. ఈజిప్ట్ బొమ్మకి ఆ నిటారు పొడవు ఎక్కణ్ణుంచి వస్తుందా అని ఎప్పుడూ అనిపించేది, మోకాలు పైకి జరగడం దానికి ఒక పెద్ద కారణం.

ఈజిప్ట్ షీట్ గళ్ళని నేను ఎర్ర పెన్సిల్‌తోనే గీశా, వాళ్ళు ఎర్రరంగులో ముంచిన దారం గోడకి లాగి కొట్టి గీతలు వేసేవాళ్ళు కాబట్టి. హోరెమ్‌హెబ్ అనే ఈజిప్ట్ రాజు సమాధిలో పని సగంలో ఆగిపోవడంతో ఎర్ర స్కెచ్, దాని మీద నల్ల గీతతో దిద్దుబాట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. అలా సగంలో ఉన్న పని మీద కూర్చుని ఎంతసేపైనా చూడొచ్చు, పూర్తయిన గోడ చెప్పనివి అది చెప్తుంది.

సరే, స్తంభాల దగ్గరకొస్తా. నేను ఇప్పుడు ప్రతి షీట్లో మొదట చూసేది మెడ. ఆ బొమ్మ నిజంగా బరువు మోస్తోందా, మోస్తున్నట్టు నటిస్తోందా, అసలు పట్టించుకోవట్లేదా అన్నది మెడ దగ్గరే తెలిసిపోతుంది, ఎందుకంటే రాయిలో మనిషిని చెక్కితే అన్నిటికన్నా సన్నగా, బలహీనంగా ఉండే చోటు అదే.

ఈజిప్ట్‌లో రెండో రామ్సెస్ కట్టించిన రామెసియం గుడిలోని ఒసైరిస్ స్తంభాలు తీసుకోండి, రాజుని ఒసైరిస్ దేవుడి రూపంలో చూపించినవి. మమ్మీలా చుట్టిన ఒళ్ళు, గుండెల మీద చేతులు, వెనక చతురస్రపు స్తంభం. చాలా బొమ్మలకి తలలు ఊడిపోయాయి, అయినా వెనక స్తంభాలు అలాగే నిలబడి పైన దూలాలు మోస్తున్నాయి. అంటే బొమ్మ స్తంభం ముందు నిలబడిందే గానీ ఏమీ మోయలేదు. అబూ సింబెల్ లోపలి హాల్లో ఎనిమిది స్తంభాలదీ ఇదే పద్ధతి, అక్కడైతే మొత్తం కొండలోనే తొలిచారు. రాజుగారి చేత బరువు మోయించడం వాళ్ళ ఆలోచనలోనే లేదనిపిస్తుంది, ఆయన పని అక్కడ ఉండటం అంతే. గీసేటప్పుడు కూడా ఇది సులువు, స్తంభం నిలువు గీతలు రెండూ ముందు గీసేసి బొమ్మని వాటి మధ్యలో పెట్టేయొచ్చు.

దీనికి పూర్తిగా ఎదురు, ఏథెన్స్‌లోని ఎరెక్తియోన్‌లో స్తంభాలుగా నిలబెట్టిన కన్యలు. క్రీ.పూ. 421–406 మధ్య కట్టిన గుడి, దక్షిణం వైపు మండపానికి ఆరుగురు, ఎత్తు సుమారు 2.3 మీటర్లు, వెనక స్తంభం ఏమీ లేదు, పైకప్పు నిజంగానే వాళ్ళ తలల మీద ఉంది. మరి మెడ? ముందు నుంచి చూస్తే సన్నగా, ఆడపిల్ల మెడలాగే ఉంటుంది. పక్క నుంచి గీయండి, అప్పుడు అర్థమవుతుంది, లావు జడ ఒకటి మెడ వెనక దిగుతుంది, రాయి మందం అంతా అందులో దాచారు. ఈ షీట్‌కి అందుకే రెండు వ్యూలు పెట్టాను, ముందు నుంచి ఒకటే గీస్తే అసలు తెలివి మిస్సయిపోతుంది. ఇంకో రెండు విషయాలు: మండపం మీద మామూలుగా ఉండే శిల్పాల పట్టీ తీసేశారు, దాంతో బరువు తగ్గింది. ఎడమవైపు ముగ్గురు కుడికాలి మీద, కుడివైపు ముగ్గురు ఎడమకాలి మీద నిలబడ్డారు, అంటే మనకి కనిపించే బయటివైపు కాళ్ళే నిటారుగా ఉన్నాయి, వాటి మీద బట్ట మడతలు స్తంభం మీది నిలువు గాడుల్లాగే తిన్నగా దిగుతాయి, లోపలి మోకాలు మాత్రం కొంచెం వంగి బట్టలోంచి తెలుస్తుంది. బరువు, అందం రెండూ ఒకే గీతలో చెప్పడం అంటే ఇది. ఇప్పుడు గుడి దగ్గర ఉన్నవి నకళ్ళు, అసలువి ఐదు అక్రోపొలిస్ మ్యూజియంలో, ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, కాబట్టి వెనక జడ స్పష్టంగా కావాలంటే మ్యూజియం ఫోటోలే వెతకండి.

సాంచి షీట్ నాకు అన్నిటికన్నా ఇష్టం. అక్కడి స్తూపం పడమటి తోరణంలో స్తంభాల తలమీద బొజ్జ మరుగుజ్జులు చేతులు పైకెత్తి దూలాల్ని పట్టుకుని ఉంటారు. తూర్పు తోరణం పక్కకి వెళ్తే చెట్టుకొమ్మ పట్టుకుని వేలాడుతున్న యక్షి. నిర్మాణం చేసినవాళ్ళు పని విభజన చేసేశారన్నమాట, మోసే పని పొట్టివాళ్ళకి, ఊగే పని ఆమెకి. శిల్పశాస్త్రాల్లో కూడా భూతగణాలకి నాలుగు తాళాల లెక్క ఉంటుంది, నాలుగు తాళాల ఒంట్లో మెడకి చోటెక్కడిది, తల తిన్నగా భుజాల మీదే కూర్చుంటుంది. రాయికి అంతకన్నా ఏం కావాలి. గీసేవాళ్ళకి సూచన: మరుగుజ్జుని 216కి సాగదీయకండి, పక్కనున్న యక్షి తాళం కొలతే వాడి పొట్టిగానే ఉంచండి, రెండు ఒళ్ళూ ఒకే షీట్ మీద ఉంటేనే ఆ తేడా పలుకుతుంది.

అక్కణ్ణుంచి వెయ్యేళ్ళు దాటి రామప్పకి. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, బయటి స్తంభాల మీంచి చూరు కిందకి వాలుగా నిలబెట్టిన మదనికలు అనే ఆడ బొమ్మలు, నున్నగా మెరిసే నల్లరాయి. ఇక్కడ మెడ సన్నం, నడుము ఇంకా సన్నం, కాళ్ళు పొడవు, ఒళ్ళంతా వంపు. చూరు భారం ప్రధానంగా స్తంభాలూ దూలాలూ చూసుకుంటాయి కాబట్టే శిల్పి ఇంత ధైర్యం చేయగలిగాడని నా లెక్క. సాంచి యక్షి ఊపు ఇక్కడిదాకా తెగకుండా వచ్చిందనిపిస్తుంది, మధ్యలో అమరావతి సున్నపురాతి బొమ్మల పొడుగు కాళ్ళని కూడా పెట్టి చూస్తే ఇంకా బాగా కనిపిస్తుంది. వీటిని గీయడానికి ముందు వాలు ఎంతో ఒక గీత గీసుకోండి, తర్వాత నడినెత్తి నుంచి ఒక తూకం దారం గీత వేలాడదీసి తల, నడుము, తుంటి ఆ గీతకి ఎంతెంత పక్కకి జరిగాయో కొలవండి. మూడు వంపుల బొమ్మలకి ఎత్తు కొలతలు ఒక్కటే చాలవు, వంపు వల్ల నిలువు ఎత్తు తగ్గిపోతుంది, తాళం స్ట్రిప్‌ని వంపు వెంబడే తిప్పుతూ వాడాలి.

షార్త్ర్ త్వరగా చెప్పేస్తా. అక్కడి పెద్ద చర్చి పడమటి ద్వారం బొమ్మలు, 1145–1155 ప్రాంతం, 1194 అగ్నిప్రమాదంలో మిగిలినవి. రాజులూ రాణులూ వాళ్ళ వెనకున్న సన్న స్తంభమంత సన్నగా సాగిపోయారు, మోచేతులు ఒంటికి అంటుకుని, పాదాలు కిందికి జారుతూ. ఈజిప్ట్‌లో బొమ్మా స్తంభమూ వేరువేరుగా కనిపిస్తాయి, ఇక్కడ మనిషే స్తంభం ఆకారంలోకి మారిపోయాడు, బరువు మాత్రం మోయట్లేదు. ముఖాలు మాత్రం ఎంత ప్రశాంతంగా ఉంటాయో, నేను ముఖాల్ని విడిగా పెద్దగా గీసుకున్నా. అక్కణ్ణుంచి వందేళ్ళు తిరక్కుండానే ఫ్రాన్స్‌లోనే రీమ్స్ చర్చిలో బొమ్మలు ఒంటికాలి మీద బరువేసి రోమన్ల మాదిరి మడతల బట్టలతో స్తంభాన్ని వదిలి బయటికొచ్చేస్తాయి.

తూలా యోధులు నలుగురు, ఒక్కొక్కరు 4.6 మీటర్లు, బసాల్ట్. పిరమిడ్ బీ మీద ఒకప్పుడు గుడి పైకప్పు మోసినవాళ్ళు. ఒక్కో బొమ్మ నాలుగు రాతి ముక్కలు, ఒకదాని మీద ఒకటి కుసులతో బిగించి నిలబెట్టినవి. ఇక్కడ మెడ దాచలేదు, అసలు లేకుండా చేశారు, ఈకల కిరీటం, చెవి బిళ్ళలు, సీతాకోకచిలుక ఆకారం ఛాతీ పలక అన్నీ కలిసి తలని భుజాలకి కలిపేశాయి, కాళ్ళు రెండూ దగ్గరగా స్తంభాల్లా. ఏథెన్స్ శిల్పి జడతో చేసిన పనే వీళ్ళు యుద్ధ వేషంతో చేశారు. వాళ్ళకీ వీళ్ళకీ ఏ సంబంధమూ లేదు, సమస్య మాత్రం ఒకటే. ఈ రెండు షీట్లూ ఒకదాని మీద ఒకటి పెట్టి లైటు ముందు పట్టుకుని చూస్తే ప్రాజెక్ట్ మొత్తం దీనికోసమే అనిపించింది.

ఫోటోల గురించి కూడా రాయాలి, చాలామంది ఇక్కడే ఇబ్బంది పడతారు. కింద నుంచి తీసిన ఫోటోలో కాళ్ళు పెద్దవై తల చిన్నదైపోతుంది, ఆ కొలత వాడితే ప్రతి శైలీ పొడుగు కాళ్ళదే అవుతుంది. దూరం నుంచి జూమ్ చేసి తీసినవి వెతకండి, బొమ్మ పక్కనున్న స్తంభం లేదా గోడ అంచుల మీద స్కేలు పెట్టి రెండూ సమాంతరంగా ఉన్నాయో లేదో చూడండి, పైకి దగ్గరవుతుంటే ఆ ఫోటో ముఖానికీ నగలకీ తప్ప కొలతకి పనికిరాదు. గళ్ళకి 2హెచ్, బొమ్మకి హెచ్‌బీ, బరువు దారి చూపించడానికి ఒక నీలం పెన్సిల్. ఆ నీలం గీత పైకప్పు నుంచి నేల దాకా ఎక్కణ్ణుంచి దిగుతుందో ప్రతి షీట్లో గీస్తున్నా: ఈజిప్ట్‌లో బొమ్మ వెనక నుంచి, ఏథెన్స్, తూలాల్లో నడినెత్తి మీంచి, సాంచిలో మరుగుజ్జుల మీంచి, రామప్పలో పక్క స్తంభంలోంచి.

ఇప్పుడు నడుస్తున్నది అగ్రిజెంతోలోని ఒలింపియన్ జ్యూస్ గుడి మగ బొమ్మలు. ఎత్తు 7.6 మీటర్ల పైనే, క్రీ.పూ. ఐదో శతాబ్దం, షీట్ మీద ఒక మిల్లీమీటరు అంటే అసలులో 35 మి.మీ. దాకా. ఒకే రాయి కాదు, వరసలు వరసలుగా పేర్చిన రాళ్ళు, కాబట్టి వరసల మధ్య అడ్డగీతలు ముందు గీసి వాటి మీద ఒళ్ళు నింపుతున్నా. చేతులు తల పక్కకి మడిచి, తల వంచి మోస్తారు, సాంచి మరుగుజ్జుల్లాగే మోతని దాచకుండా చూపిస్తారు. వెనక గోడ ఉంది కాబట్టి నీలం గీతలో ఎంత భాగం గోడకి, ఎంత మోచేతులకి ఇవ్వాలో సెక్షన్ డ్రాయింగ్ (నిలువుగా కోసినట్టు చూపించే బొమ్మ) గీశాక తేలుస్తా, దానికి గోడ మందంతో ఉన్న ప్లాన్ ప్రింట్ తీసుకుని ఇదే స్కేల్‌కి కుదిస్తున్నా.