ఏమీ జరగని 27వ తారీఖు

ఈ రోజు బుధవారం. పెద్ద ఆర్డరేదీ చేజారలేదు, ఎవరూ రాజీనామా ఇవ్వలేదు, బ్యాంకు నుంచి ఫోనూ రాలేదు. జీతాలకి ఇంకా మూడు రోజులుంది, అంతే. వ్యాపారం నడిపేవాళ్ల మనసు గురించి రాసుకోవడానికి నాకు ఇలాంటి రోజే సరైనదనిపిస్తుంది. కంపెనీ మూతపడిన రోజున నలుగురూ వచ్చి పలకరిస్తారు. ఏమీ జరగని రోజున ఎవరూ అడగరు. చూపించడానికి దెబ్బేదీ లేదు కాబట్టి ఆ మనిషీ చెప్పడు.

తెల్లవారుజాము 3:40. ఈ వేళ సంగతి సొంత వ్యాపారం ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. గాఢనిద్ర చాలావరకు రాత్రి మొదటి సగంలోనే అయిపోతుంది, ఆ తర్వాత నిద్ర పలచబడుతుంది. కాబట్టి మధ్యలో మెలకువ రావడం మామూలే. మెలకువతోపాటు లెక్క మొదలవడమే ఇబ్బంది. ఖాతాలో ఎంతుంది, రావాల్సింది ఎంత, ఇవ్వాల్సింది ఎంత. ఆ వేళప్పుడు ఫోన్ చేద్దామంటే అవతలివాళ్లు నిద్రలో ఉంటారు. ఏ నిర్ణయం తీసుకున్నా అమలు కాదు. కానీ పది రాత్రులు ఇలా గడిస్తే పడకకీ లెక్కకీ ముడి పడిపోతుంది, పడుకోగానే గుండెదడ మొదలవుతుంది.

నిద్రలేమికి చేసే సీబీటీలో (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్సలో) ఈ ముడి విప్పే పద్ధతి ఉంది. గడియారం చూడకుండా, అంచనాగా 20 నిమిషాలు నిద్ర పట్టలేదనిపిస్తే లేచి కుర్చీలో కూర్చోవాలి. దీపం మసకగా ఉండాలి, ఫోన్ దగ్గర ఉండకూడదు. నిద్ర ముంచుకొస్తేనే మళ్లీ పడుకోవాలి. ఎంత తక్కువ నిద్రపోయినా పొద్దున లేచే టైము మారకూడదు. చాలామంది మొదటి రెండూ శ్రద్ధగా చేసి మూడోది వదిలేస్తారు. సెలవు రోజున పదింటి దాకా పడుకుంటారు, ఆ రాత్రి మళ్లీ మొదటికొస్తుంది. ఇంకో అడుగు కూడా ఉంది. 8 గంటలు మంచం మీద ఉండి ఐదున్నర గంటలే నిద్రపోతే అది 69 శాతం. అప్పుడు మంచం మీద గడిపే సమయాన్ని తగ్గించి, 85 శాతం దాటాక 15 నిమిషాల చొప్పున పెంచుతూ పోతారు. 5 గంటలకన్నా తగ్గించరు. బైపోలార్ (విపరీతమైన హుషారూ కుంగుబాటూ దశలుగా వచ్చే జబ్బు) ఉన్నవాళ్లు మాత్రం దీన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు, నిద్ర కోత వాళ్లలో మేనియాని, అంటే ఆ హుషారు దశని, రేపగలదు.

బైపోలార్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. మూడు గంటల నిద్రతో హుషారుగా తిరగడం, గంటకో కొత్త ఆలోచన, ఆగని మాట, పెద్ద పెద్ద ఖర్చులు, వారంలో ముగ్గురిని ఉద్యోగంలోకి తీసుకోవడం. ఇవి వేరే మనిషిలో కనిపిస్తే ఇంట్లోవాళ్లు కంగారుపడి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు. వ్యాపారం పెట్టినవాళ్లలో కనిపిస్తే చప్పట్లు కొడతారు. రోజులో ఎక్కువ భాగం ఇలా వరుసగా నాలుగు రోజులు, అంతకుమించి ఉంటే, అది ఆ మనిషి మామూలు తీరుకి భిన్నమని చుట్టూ ఉన్నవాళ్లకి తెలుస్తుంటే, డాక్టర్‌కి చెప్పాల్సిన సంగతి. ఆ తర్వాత వచ్చే కుంగుబాటుకి మాత్రమే మందు అడిగి, ముందు గడిచిన హుషారు రోజుల సంగతి దాచేస్తే ప్రమాదం. బైపోలార్‌లో యాంటీడిప్రెసెంట్ ఒక్కటే ఇస్తే మేనియా వైపు నెట్టే అవకాశం ఉంది.

పొద్దున టీమ్ రాకముందు పది నిమిషాలు దొరుకుతాయి. కుంగుబాటుని అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళికి అది చాలు. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. స్కోరు 10 గానీ అంతకుమించి గానీ వస్తే డాక్టర్‌నో థెరపిస్ట్‌నో కలవాల్సిందే, 20 నుంచి తీవ్రం. ఆందోళనకైతే జీఏడీ-7 ఉంది, దాని మొత్తం 21. ఫౌండర్లు పీహెచ్‌క్యూ-9ని కూడా డ్యాష్‌బోర్డులా రోజూ నింపుతుంటారు. అలా చేయకండి. అది రెండు వారాలకి ఒకసారి చూడాల్సిన ప్రశ్నావళి, ఒకటి రెండు అంకెల తేడాకి అర్థం లేదు, ఐదు తగ్గితే నిజంగా మార్పు వచ్చినట్టు. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దాంట్లో సున్నా కాకుండా ఏ అంకె వచ్చినా మొత్తం స్కోరు సంగతి పక్కన పెట్టి దాని గురించే మాట్లాడాలి.

అమెరికాలో మైకేల్ ఫ్రీమన్ అనే సైకియాట్రిస్ట్ బృందం 2015 నాటి అధ్యయనంలో 242 మంది వ్యాపారవేత్తలను అడిగింది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక మానసిక సమస్య ఎదుర్కొన్నామని 49 శాతం మంది చెప్పారు, కుంగుబాటు అన్నవాళ్లు 30 శాతం. వాళ్లంతట వాళ్లు చెప్పినది, డాక్టర్లు పరీక్షించి తేల్చినది కాదు. అయినా పక్క గదిలో ఉన్న కో-ఫౌండర్‌ని ఒకసారి అడిగి చూడటానికి అది చాలు.

మధ్యాహ్నం ఒక మెయిల్ పంపారనుకుందాం. నాలుగు గంటలైనా జవాబు లేదు. ‘ఈ క్లయింట్ పోయాడు, నేను దేనికీ పనికిరాను’ అని మనసు అంటుంది. థెరపీలో దీన్ని కాగితం మీద పెట్టిస్తారు. ఏం జరిగింది, ఏ ఆలోచన వచ్చింది, ఎంత భయం వేసింది (100కి 80 అనుకుందాం), ఆ ఆలోచనని బలపరిచే ఆధారమేంటి, దానికి ఎదురు నిలిచే ఆధారమేంటి, రెండూ చూశాక ఏమనిపిస్తోంది, ఇప్పుడు భయం ఎంత. 80 కాస్తా 50కి వస్తే పని జరిగినట్టే, సున్నాకి రానవసరం లేదు. చివరి ఆలోచన తియ్యగా ఉండాలని ఎవరూ అనలేదు, నమ్మేలా ఉంటే చాలు. వ్యాపారస్థులు ఇక్కడ తప్పటడుగు వేస్తారు. ఇన్వెస్టర్‌ని ఒప్పించే అలవాటు కొద్దీ తమకి తామే పిచ్ ఇచ్చుకుంటారు. కాగితం బ్రహ్మాండంగా ఉంటుంది, కడుపులో దడ మాత్రం అలాగే ఉంటుంది.

ఒక్కోసారి ఆలోచన తప్పు కూడా కాదు. ఉన్న డబ్బు నిజంగానే ఏడు వారాలకి మించి సరిపోదు. అలాంటప్పుడు ‘మీరు విపరీతంగా ఊహించుకుంటున్నారు’ అనే థెరపిస్ట్ పొరబడుతున్నట్టే. అలాగని డబ్బు వస్తే మనసు దానంతటదే బాగుపడుతుందనుకునే ఫౌండర్ కూడా అంతే పొరబడుతున్నాడు. నేను చెప్పేది ఇదే: కాగితాన్ని నిలువుగా రెండు చేయండి. ఎడమవైపు వ్యాపారం లెక్క, కుడివైపు మీ లెక్క. ‘ఏడు వారాల డబ్బుంది’ ఎడమవైపు. దాని కింద చేయాల్సిన పనులు వస్తాయి: బాకీ ఉన్న ముగ్గురికి ఫోన్, ఒక ఖర్చు వాయిదా, అకౌంటెంట్‌తో అరగంట. ‘నా ముఖం ఎవరికీ చూపించలేను’ కుడివైపు. దాని కింద ఫోన్లూ ఇన్వాయిస్‌లూ ఏవీ పనిచేయవు. అక్కడ ఉన్నది సిగ్గు, సిగ్గుని తగ్గించేది ఇంకో మనిషితో చెప్పుకోవడం. పెట్టుబడి వచ్చిన వారంలో కూడా కుడివైపు గడులు నిండే ఉంటాయి, నింపి చూడండి.

ఆ కుడివైపు ‘నేను పోతే ఇన్సూరెన్స్ డబ్బుతో అప్పులు తీరతాయి’ అనే వాక్యం వస్తే మర్నాటి దాకా ఆగొద్దు. అప్పులకి సొంత పూచీ సంతకం పెట్టినవాళ్లకి ఇది చాలా సూటి లెక్కలా కనిపిస్తుంది, అందుకే భయంకరం. ఆ రోజే ఒక మనిషికి ఆ వాక్యం ఉన్నదున్నట్టు చెప్పాలి, ఒంటరిగా ఉండకూడదు, హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయాలి, లేదా ఆస్పత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఆ ఆలోచన ఎదుటివాళ్లకి వచ్చిందనిపిస్తే సూటిగా ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు.

సాయంత్రం. థెరపీ సెషన్ 50 నిమిషాలు. మొదటి సెషన్‌కి వచ్చే ఫౌండర్ చక్కగా మాట్లాడతాడు, సమస్య, కారణం, పరిష్కారం అన్నీ తనే చెప్పేస్తాడు. విన్నవాళ్లకి ఈ మనిషికి పెద్దగా ఏం కాలేదనిపిస్తుంది. కథ పక్కన పెట్టి ఇవి చెప్పండి: నిన్న రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, వారంలో ఎన్ని రోజులు తాగుతున్నారు, సొంత పేరు మీద ఎంత అప్పుంది, ఇంట్లో దాని గురించి ఎవరికి తెలుసు. మీరు థెరపిస్ట్‌ని అడగాల్సినవీ ఉన్నాయి. ఏ పద్ధతిలో పనిచేస్తారు? బాగుపడుతున్నానని ఎలా తెలుస్తుంది? గోప్యత ఎక్కడిదాకా? ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలు తప్ప బయటికి చెప్పరు, కానీ ఖర్చు కంపెనీయో ఇన్వెస్టరో భరిస్తుంటే వాళ్లకి ఏ సమాచారం వెళ్తుందో ముందే తేల్చుకోండి. సీబీటీకి మామూలుగా 12 నుంచి 20 సెషన్లు. నాలుగైదు అయ్యాక ఏం మారిందో కూర్చుని చూడాలి. ఏమీ మారకపోతే ఆ మాట థెరపిస్ట్‌తోనే అనండి, చెప్పకుండా మానేయడంకన్నా అది మేలు. కుదరకపోతే ఇంకొకరిని చూసుకోవడంలో తప్పులేదు.

మందులు అవసరమైతే సైకియాట్రిస్ట్. థైరాయిడ్ పరీక్ష ముందే అడగండి, ఆ హార్మోన్ తగ్గితే అచ్చం కుంగుబాటులాగే ఉంటుంది. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అనే రకం యాంటీడిప్రెసెంట్ మందుల ఇబ్బంది మొదటి వారంలోనే కనిపిస్తుంది, ఫలితం బాగా తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. ఈ మధ్య కాలంలోనే చాలామంది మానేస్తారు. బాగుందనిపించగానే ఆపేయడం ఇంకో పొరపాటు. మామూలు స్థితికొచ్చాక కూడా కొన్ని నెలలు వాడించి, మెల్లగా తగ్గిస్తారు.

రాత్రి ఎనిమిదిన్నరకి 20 నిమిషాలు దిగులు కోసమే కేటాయించడం ఒక పాత పద్ధతి, నాకు నమ్మకం ఉన్న పద్ధతి. పగలు వచ్చిన దిగుళ్లన్నీ ఒక్కో మాటగా రాసిపెట్టుకుని ఆ వేళకి తీస్తారు. పడక గదిలో కాకుండా బల్ల దగ్గర కూర్చుని చేయాలి. సగానికి సగం అప్పటికే చల్లబడి ఉంటాయి. మిగిలినవాటి పక్కన రేపు చేసే ఒక్క పని, దాని టైము: ‘బాకీ, 11కి ఫోన్’. రాయడానికి పనేదీ దొరకనిది కుడివైపు గడికి చెందినది, సెషన్‌కి తీసుకెళ్లాలి.

రేపు 28, గురువారం. క్యాలెండర్‌లో సాయంత్రం ఆరింటి నుంచి ఏడింటి దాకా సెషన్. నెలాఖరు కాబట్టి ఎవరో ఒకరు ఆ గంటే కావాలని అడుగుతారు. టీమ్‌కి కారణం చెప్పనక్కర్లేదు. ‘గురువారాలు ఆరు నుంచి ఏడు నేను దొరకను, ఏడున్నరకి ఫోన్ చేస్తాను’ అని ఈ రాత్రే మెసేజ్ పెట్టేస్తే సరిపోతుంది.