నరం కోస్తే ఏది ఆగుతుంది? జీర్ణకోశ నాడీ నియంత్రణ నేను చదివిన తీరు

నీట్ పీజీకి ఫిజియాలజీ రివిజన్‌లో చాలామంది జీర్ణకోశ హార్మోన్ల పట్టికను బట్టీపట్టి, నాడీ నియంత్రణను రెండు ముక్కల్లో ముగిస్తారు: పారాసింపథెటిక్ నాడీ విభాగం జీర్ణక్రియను పెంచుతుంది, సింపథెటిక్ విభాగం తగ్గిస్తుంది. క్లినికల్ ప్రశ్నల దగ్గర ఈ రెండు ముక్కలు అక్కరకు రావు.

నేను ఒకే ప్రశ్న పట్టుకుని చదివాను: ఫలానా నరం కోసేస్తే ఏది ఆగుతుంది, ఏది నడుస్తుంది? 1899లో బ్రిటిష్ ఫిజియాలజిస్టులు బేలిస్, స్టార్లింగ్ చేసిన పనీ అదే. కుక్క పేగుకు బయటి నుంచి వచ్చే నరాలను తెంచేసినా, లోపల పెట్టిన ముద్దకు వెనుక సంకోచం, ముందు సడలింపు ఆగలేదు. (1902లో వాళ్లకే సిక్రిటిన్ అనే హార్మోన్ దొరికింది, అదీ నరాలు తెంచిన పేగులోనే.) అంటే పేగు గోడలోనే సొంత యంత్రాంగం ఉంది. వలయ, నిలువు కండర పొరల మధ్య ఉన్న ఆయర్‌బాక్ ప్లెక్సస్ (నరాల అల్లిక) కదలికలను చూసుకుంటే, సబ్‌మ్యూకోసాలోని (పేగు లోపలి పొర కింది పొరలోని) మైస్నర్ ప్లెక్సస్ ప్రధానంగా స్రావాలను చూసుకుంటుంది. ఈ నరాలు విడుదల చేసే రసాయనాలు ఇవి: ముద్ద వెనుక సంకోచానికి ఎసిటైల్‌కోలిన్, సబ్‌స్టెన్స్ పి; ముందు సడలింపుకు నైట్రిక్ ఆక్సైడ్, విఐపి (వాసోయాక్టివ్ ఇంటస్టైనల్ పెప్టైడ్). ఈ నాలుగు పేర్లూ నోటికి రావాల్సిందే.

మెదడు నుంచి కడుపుకు వచ్చే వేగస్ నరం సంగతి వేరు. పావ్‌లోవ్ ప్రయోగంలో కుక్క మింగిన మాంసం మెడ దగ్గరి రంధ్రంలోంచి బయట పడిపోయేది. కడుపులోకి ఏమీ చేరకపోయినా జఠరరసం ఊరేది, వేగస్ కోస్తే ఆగిపోయేది. సెఫాలిక్ దశ, అంటే ఆహారం కడుపు చేరకముందే మెదడు మొదలుపెట్టే స్రావ దశ, అంతే. ట్రంకల్ వేగాటమీ (వేగస్ ప్రధాన కాండాలను కోసే ఆపరేషన్) తరువాత ఆమ్లం తగ్గుతుంది, ఘనాహారం కడుపులోనే నిలిచిపోతుంది. అందుకే పైలోరోప్లాస్టీ (కడుపు దిగువ ద్వారాన్ని వెడల్పు చేసే ఆపరేషన్) జోడించేవారు. ద్రవాలు మాత్రం ఇంకా త్వరగా దిగిపోతాయి.

నాకు బాగా నచ్చిన భాగం, పుట్టుకతో వచ్చే పెద్దపేగు జబ్బు హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి. పేగు నరకణాలుగా మారాల్సిన న్యూరల్ క్రెస్ట్ అనే పిండకణాలు పెద్దపేగు చివరిదాకా చేరవు. ఎక్స్‌రేలో ఉబ్బిన భాగం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి రోగం అక్కడే ఉందనిపిస్తుంది. నిజానికి అది గాంగ్లియాన్ కణాలున్న (నరకణాలున్న) పేగే. దాని కింద, సన్నగా బిగుసుకుపోయిన చోట ఆ కణాలు లేవు, అందుకే అది సడలదు. బయాప్సీ పురీషనాళం నుంచి తీసేది అందుకే. అకలేషియా అనే అన్నవాహిక జబ్బులోనూ నిరోధక (సడలింపునిచ్చే) న్యూరాన్లు పోవడం వల్లే అన్నవాహిక కింది స్ఫింక్టర్ (బిగించే కండర వలయం) సరిగా తెరుచుకోదు. రెండింటినీ ఒకే పేజీలో పక్కపక్కన రాసుకోండి.

మలవిసర్జనకూ అదే ప్రశ్న వేయండి. వెన్నుపాము పైభాగంలో తెగితే రిఫ్లెక్స్ మిగులుతుంది, బయటి స్ఫింక్టర్ మీద మన అదుపు పోతుంది. వెన్నుపాము దిగువ చివరన ఉండే ఎస్2–ఎస్4 ఖండాల దగ్గరే దెబ్బతింటే రిఫ్లెక్స్ కూడా బలహీనపడి, ఆ స్ఫింక్టర్ వదులైపోతుంది. ప్రశ్నలో దెబ్బ ఎక్కడ తగిలిందో చూశాకే ఆప్షన్ల వైపు వెళ్లండి.