తాత జవాబు చెప్పలేదా?

మెల్‌బోర్న్‌లో పెరుగుతున్న మా అమ్మాయికి 13 ఏళ్లు. నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర ఉన్న మా పుట్టింటివాళ్ల మీద దానికి ఒక ఫిర్యాదు ఉంది. అక్కడ ఎవరూ కారణం చెప్పరట. ఒక సామెత వేస్తారు, ఎవరిదో కథ చెప్తారు, లేదంటే ఎదురు ప్రశ్న వేస్తారు. "ఎందుకు అని అడిగితే ఆన్సర్ రాదమ్మా" అంటుంది.

ఆ ఫిర్యాదు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆస్ట్రేలియా బడుల్లో వాదించడం ఒక పాఠం. ముందు నీ అభిప్రాయం చెప్పు, తర్వాత కారణం, ఆ తర్వాత ఉదాహరణ, చివర్లో మళ్లీ అభిప్రాయం అని ప్రైమరీ నుంచే నేర్పిస్తారు. 3, 5, 7, 9 తరగతుల పిల్లలకు పెట్టే నాప్లాన్ పరీక్షలో కథ రాయమని అడగొచ్చు, లేదా చదివేవాళ్లను ఒప్పించేలా రాయమని అడగొచ్చు. హైస్కూల్‌కి వచ్చేసరికి ప్రతి పేరాకీ ఒక వరస ఉంటుంది. ఆ వరసకు అలవాటు పడ్డ చెవికి మా ఇంటి వరండాలో మాటలు గజిబిజిగా వినపడతాయి, నిజమే. కానీ అక్కడ తర్కమే లేదంటే నేను ఒప్పుకోను. బోలెడంత ఉంది. వెతుక్కోవాలి, అంతే.

మాకు పెద్ద సెలవులు డిసెంబరు, జనవరిలో కాబట్టి సంక్రాంతి కలిసొస్తుంది. మా వైపు అది పొగాకు క్యూరింగ్ మొదలయ్యే కాలం. ఆకు కోసి, కర్రలకు కట్టి, బేరన్ అనే ఆకు ఆరబెట్టే కొట్టంలో వేలాడదీసి, పొయ్యిలో కట్టెలు వేస్తారు. వేడి గొట్టాల గుండా పోయి ఆకును ఆరబెడుతుంది, పొగ బయటికి పోతుంది. ఈసారి పండక్కి వెళ్లినప్పుడు ఒక సాయంత్రం పక్కింటాయన వచ్చి మా నాన్న దగ్గర కూర్చున్నాడు.

"నిరుడు రేటు పడిపోయింది గదా మామా. ఆ భయంతో ఈసారి శానామంది తక్కువేసినారు. సరుకు తక్కువైతే రేటు దానంతటదే లేస్తాది. వచ్చే సీజనుకు ఇప్పుడే ఇంకో బేరన్ కౌలుకు మాట్లాడుకుందామా అనుకుంటుండా."

నాన్న కాసేపు ఆగి, "మీ నాయన మిరప వేసిన ఏడు గుర్తుందా నీకు?" అన్నాడు.

ఆయన తల గోక్కున్నాడు. "అదీ నిజమేలే" అన్నాడు. టీ తాగి, పిల్లల్ని పలకరించి వెళ్లిపోయాడు.

"తాత జవాబు చెప్పలేదు. టాపిక్ మార్చేశాడు" అంది మా అమ్మాయి.

"మరి ఆయనకు ఏం అర్థమై వెళ్లిపోయాడు?" అని అడిగాను. ఇద్దరం కూర్చుని ఆ మాటను విప్పడం మొదలుపెట్టాం. మిరప సంగతి నాన్ననే అడిగాం. అంతకు ముందు ఏడు మిరపకు మంచి రేటు వచ్చిందట. మళ్లీ వస్తుందని ఆ పెద్దాయన ఉన్న పొలమంతా మిరపే వేశాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ అదే అనుకుని అదే వేశారు. కాయ కుప్పలు పడింది, కోత కూలి కూడా రాలేదు.

అప్పుడు మా అమ్మాయి నోట్‌బుక్ తీసి రాసుకుంది. తాత అభిప్రాయం: బేరన్ తీసుకోవద్దు. కారణం: రేటు చూసి పంట వేసేది నువ్వొక్కడివే కాదు, అందరూ అదే లెక్క వేస్తే ఆ లెక్క తప్పుతుంది. ఉదాహరణ: మీ నాయనే. బడిలో అడిగే మూడూ ఉన్నాయి. పైకి వినపడింది మాత్రం ఉదాహరణ ఒక్కటే.

మిగతా రెండూ నాన్న ఎందుకు మింగేశాడు? వద్దని మొహం మీద చెప్తే అవతలి మనిషి తెలివిని తక్కువ చేసినట్టు ఉంటుంది. పైగా పొలం ఆయనది, అప్పు ఆయనది, నిర్ణయం కూడా ఆయనదే కావాలి. కథ గుర్తు చేస్తే చాలు, లెక్క ఆయనే వేసుకుంటాడు. ఇది జవాబు తప్పించుకోవడం కాదు. అవతలి మనిషికి ఆలోచించగల శక్తి ఉందని నమ్మి మాట్లాడటం. నాకైతే ఇది చాలా గొప్ప మర్యాదగా కనిపిస్తుంది, మా పిల్లలకు ఇది అందకుండా పోతే నాకు బాధగా ఉంటుంది.

అయితే చెప్పకుండా వదిలేసిన కారణంలో ఒక చిక్కు ఉంది. బయట పెట్టని దాన్ని ఎవరూ సరిచూడలేరు. నోట్‌బుక్‌లో పెట్టాక మా అమ్మాయికి వెంటనే అనుమానం వచ్చింది. మిరప ఎవరైనా ఎంతైనా వేయొచ్చు. పొగాకు అట్లా కాదు, ఎంత పండించాలో టొబాకో బోర్డు నిర్ణయిస్తుంది, బేరన్‌కు లైసెన్సు కావాలి. మరి మిరపతో పోలిక ఎట్లా కుదురుతుంది? ఈ మాట తాతనే అడగమన్నాను. ఎట్లా అడగాలో కూడా చెప్పాను. "వై" అని ఒక్క ముక్క విసిరితే మా ఊళ్లో అది ఎదురు చెప్పినట్టు వినపడుతుంది. "తాతా, నాకు ఒకటి అర్థం కాలేదు, చెప్తావా" అని మొదలుపెడితే మంచం మీద చోటిచ్చి మరీ చెప్తారు.

నాన్న ముచ్చట పడ్డాడు. "మంచి మాటే అడిగినావమ్మే. కోటా ఉన్నా దాటి పండించేవోళ్లు ఉండారు. అదిగాక రేటు కట్టేవోళ్లు మన ఊరి చేలు చూసి కట్టరు. బ్రెజిల్‌లో ఎంత పండింది, జింబాబ్వేలో ఎంత పండింది, అన్నీ చూస్తారు. ఇక్కడ తగ్గినంత మాత్రాన రేటు లేస్తాదని ఏముంది?" ఈ రెండో కారణం మొదటిదానికంటే గట్టిది. అడగకపోతే అది బయటికి వచ్చేదే కాదు.

బేరన్ మీది పొగ చూపించి మా చిన్నోడికి ఇంకో సంగతి చెప్పాను. కొండ మీద పొగ కనపడింది, కాబట్టి అక్కడ నిప్పు ఉంది, వంటింట్లో లాగా. న్యాయం అని పిలిచే మన పాత తర్కశాస్త్రంలో, కనపడేదాన్ని బట్టి కనపడనిదాన్ని తేల్చుకోవడానికి చెప్పే పాత ఉదాహరణ ఇది. ప్రతిజ్ఞ (తేల్చాల్సిన మాట), హేతువు (కారణం), ఉదాహరణ, ఉపనయం (దాన్ని ఇక్కడికి అన్వయించడం), నిగమనం (తేలిన మాట) అని అయిదు మెట్లు. ఇందులో ప్రాణం ఎక్కడ ఉందంటే, పొగ ఉన్న ప్రతి చోటా నిప్పు ఉండి తీరాలన్న నియమంలో. ఆ నియమం నిలవకపోతే మొత్తం కూలిపోతుంది.

ఇది ఎంత పనికొచ్చిందో మర్నాడే తెలిసింది. చుట్టాలావిడ ఒకావిడ వచ్చి, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి గురించి ఏదో అని, "నిప్పు లేనిదే పొగ రాదు గదమ్మా" అంది. మా చిన్నోడు వంటింట్లోకి వచ్చి నా చెవిలో, "అమ్మా, అది పొగ కాదు కదా, ఎవరో చెప్పిన మాట కదా" అన్నాడు. ఆ పిల్లవాడికి 9 ఏళ్లు. పొగను నిప్పే పుట్టించాలి. పుకారుకు నిప్పు అక్కర్లేదు, అసూయ చాలు, పొరపాటు చాలు. ఒక ఆడపిల్ల పెళ్లి సంబంధాలు ఆ సామెత మీద ఆగిపోగలవు. అందుకే పిల్లలకు సామెతల్ని ప్రేమగా నేర్పిస్తూనే, వాటిని ఎక్కడ వాడుతున్నారో చూడమని కూడా నేర్పాలంటాను.

మా ఇంట్లో రెండు వైపులా వినపడే బలహీనమైన వాదన ఇంకొకటి ఉంది. "నలుగురూ ఏమనుకుంటారు" అని మా అమ్మ అంటుంది. "మా క్లాసులో అందరికీ ఫోన్ ఉంది" అని మా అమ్మాయి అంటుంది. రెండూ ఒకటేనని చెప్తే ఇద్దరూ ఒప్పుకోలేదు. ఆ నలుగురి మాట వెనక ఒక్కోసారి నిజంగా కారణం ఉంటుంది, అదేదో చెప్పమని ఇద్దరినీ అడుగుతున్నాను.

అసలు వాదన జరిగింది మాత్రం సోషల్ మీడియా మీద. 16 ఏళ్లలోపు పిల్లలకు అకౌంట్లు ఉండకూడదన్న చట్టం ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. బాధ్యత కంపెనీలదే. పిల్లలకూ తల్లిదండ్రులకూ శిక్ష లేదు. మా అమ్మాయి కోపంతోనే విమానం ఎక్కింది. "బ్యాన్ చేస్తే మానరు అమ్మమ్మా, దొంగచాటుగా వాడతారు" అంది.

"సారా ఆపమన్నప్పుడు మగోళ్లూ ఈ మాటే అన్నారు" అంది మా అమ్మ.

కలిగిరి మండలంలోదే దూబగుంట. మా అమ్మ ఆ రోజుల్ని కళ్లారా చూసింది. అక్షరాస్యత ఉద్యమంలో పెట్టిన రాత్రి తరగతుల్లో ఆడవాళ్లు సారా మీద పాఠం చదివి, అది తమ ఇళ్ల కథేనని మాట్లాడుకున్నారు. ఆ మాటల్లోంచే 1992లో ఊళ్లో సారా కొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మగా పేరుపడ్డ వర్ధినేని రోశమ్మ వాళ్లలో ముందు నిలబడింది. ఆ కదలిక జిల్లా అంతా, తర్వాత రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. "తాగే నీళ్లు రాని ఊరికి సారా ఎట్టా వస్తాదని అడిగినాం. జవాబు చెప్పినోడు లేడు" అంది అమ్మ. అది ప్రశ్నలాగా ఉన్న వాదన. ఊరికి సరుకు చేర్చలేకపోవడం కాదు, ఏది చేర్చాలో ఎంచుకోవడంలోనే తప్పుందని దానర్థం.

మా అమ్మాయి ఫోన్‌లో వెతికి, "1997లో నిషేధం ఎత్తేశారు కదా, మరి ఓడిపోయినట్టే కదా" అంది.

"ఎత్తేసింది బ్రాందీ, విస్కీల మీద. సర్కారు సారా మళ్లా రాలా" అంది అమ్మ. అది తేలిగ్గా తోసేసే తేడా కాదు.

అమ్మాయి కాసేపు ఆలోచించింది. "కానీ అమ్మమ్మా, సారా ఆపమని అడిగింది దానివల్ల బాధపడ్డ మీరే. ఈ చట్టం కావాలని మేం అడిగామా? మమ్మల్ని ఎవరైనా అడిగారా?"

నాకు ఒళ్లు పులకరించింది. పోలికను తోసెయ్యకుండా, అది ఎక్కడ విడిపోతుందో సరిగ్గా అక్కడ వేలు పెట్టింది. మా అమ్మ కూడా తేలిగ్గా తీసుకోలేదు. "అడగలేదంటే అది తప్పే. అయితే మీరే పోయి అడగండి. మేమూ ఊరకే కూర్చోలా, నెల్లూరు దాకా పోయి సారా వేలంపాటలకు అడ్డం పడినాం" అంది. ఆ వెంటనే, "సారాతో ఇల్లు గుల్లయ్యేది, అందుకని మేం అడిగినాం. ఫోన్‌తో గుల్లయ్యేది నువ్వే అయినప్పుడు అది నీకు తెలుస్తాదా?" అని కూడా అంది. దానికి మా అమ్మాయి దగ్గర ఆ రోజు జవాబు లేదు.

ఇప్పుడు మా నియోజకవర్గం ఎంపీకి ఉత్తరం రాయాలని కూర్చుంది. ఆదివారం వీడియో కాల్‌లో అమ్మమ్మకు చిత్తుప్రతి చదివి వినిపిస్తోంది. మా అమ్మకు అది నచ్చలేదు. ఈ చట్టం ఎందుకు తెచ్చామని వాళ్లు చెప్తున్నారో ఉత్తరంలో ఒక్క ముక్క లేదంది. ముందు వాళ్ల మాట వాళ్లు చెప్పినంత బాగా రాయి, ఆ తర్వాత నీది రాయి అంటోంది. అందుకే ఈ వారం మా అమ్మాయి పార్లమెంటులో జరిగిన చర్చ చదువుతోంది. నిద్ర, వేధింపులు, కంపెనీల లాభాలు అని మూడు శీర్షికలు పెట్టుకుంది. వీటిలో నిద్ర గురించి తన దగ్గర ఎదురు వాదన లేదని తనే చెప్పింది.