నెమలికంఠం చీర, అరచేయంత జాకెట్టు ముక్క

మాఘమాసంలో మా తమ్ముడి పెళ్ళి. పెళ్ళి అనంతపురంలో, రిసెప్షన్ హైదరాబాద్‌లో. పెళ్ళి చీరల సంగతి అమ్మే చూసుకుంది కాబట్టి నాకు బెంగ లేదు. రిసెప్షన్ చీర కూడా తనే కొని, మిగతా ముస్తాబు మాత్రం నాకు వదిలేసింది. ధర్మవరం పట్టు, నెమలికంఠం రంగు, మిరపపండు రంగు అంచు. ఆడపడుచు హోదాలో స్టేజీ మీద మూడు గంటలు నిలబడాలి, వచ్చినవాళ్ళందరి ఫొటోల్లోనూ పడాలి. చీర ఉందిగా, మ్యాచింగ్ ఎంతసేపు అనుకున్నా. మూడు వారాలు పట్టింది.

నెమలికంఠంతో చిక్కేమిటంటే అది ఒక రంగు కాదు. నా చీరకు పడుగు (నిలువు దారం) నీలం, పేక (అడ్డ దారం) ఆకుపచ్చ. కుచ్చిళ్ళలో నీలంగా ఉంటుంది, భుజం మీద పవిట వంగిన చోట పచ్చగా తేలుతుంది, అడుగు తీసి అడుగు వేస్తే మళ్ళీ మారిపోతుంది. ధర్మవరం చీరలకు పేరు తెచ్చినవే ఈ జంట రంగులు. మరి గాజులు నీలానికి కొనాలా, పచ్చకి కొనాలా? లోపలి లంగాకే మ్యాచింగ్ సెంటర్‌లో అరగంట నిలబడ్డా. చివరికి కొట్టబ్బాయే విసుగొచ్చి, "మేడమ్, లోపలిదే కదా, ఏదైనా ఒకటే" అని నీలం చేతిలో పెట్టాడు.

నేను మొదట పచ్చని పట్టుకున్నా. ఆకుపచ్చ రాళ్ళ హారం ఆన్‌లైన్‌లో తెప్పించా, కళ్ళకు ఆకుపచ్చ, నీలం ఉన్న ఐషాడో కొన్నా. మా వీధి చివరి పార్లర్‌లో ట్రయల్ వేయించుకుంటే ఆ అమ్మాయి నన్ను మించిపోయింది. రెప్పలకు చీర రంగు, గోళ్ళకు చీర రంగు, ఆఖరికి బొట్టు కూడా అదే. ఇంటికొస్తే మా ఆయన తలుపు తీసి, ఒక్క క్షణం ఆగి, "ఏదైనా నాటకంలో వేషమా?" అన్నారు. కోపమొచ్చింది. కానీ అద్దంలో చూసుకుంటే ఆయన్ని అనడానికి నాకు మాట దొరకలేదు.

హారాన్ని చీర మీద పెట్టి చూశా. విడివిడిగా రెండూ బాగానే ఉన్నాయి. పక్కన పెట్టేసరికి రాళ్ళు సోడాసీసా పెంకుల్లా ఉన్నాయి. పట్టు కదిలినప్పుడల్లా ఛాయ మార్చుకుంటుంది, గాజురాయి మాత్రం ఒకే పచ్చలో బిగుసుకుని కూర్చుంటుంది. హారం వాపసు పంపా. ఐషాడో మూత తీసేశాను కాబట్టి వాళ్ళు తీసుకోలేదు.

అమ్మకి ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకుంటే, "చీర రంగు పట్టుకుని ఎందుకే వేలాడతావు? నగ పెట్టేది మెడలో. మెడ పక్కన ఉండేది జాకెట్టు. అది చూడు, జరీ చూడు" అంది. జాకెట్టు అంచు రంగే, మిరపపండు. ఇంత మాట నాకెందుకు తట్టలేదో! టైలర్ దగ్గర కుట్టగా మిగిలిన ముక్క అడిగి తెచ్చుకున్నా. అరచేయంత ఉంటుంది, ఓ వేలెడు జరీ కూడా ఉంది. అప్పట్నుంచి ఏ కొట్టుకెళ్ళినా ముందు ఆ ముక్క బయటికి తీయడమే.

ఆ ముక్కతోనే ఇంకో సంగతి తెలిసింది. జరీ కాస్త మాగిన రంగులో ఉంది. నా పెళ్ళినాటి 22 క్యారెట్ల హారం దాని పక్కన పసుపు కొడుతోంది. పాతబడినట్టు మెరుపు తగ్గించిన యాంటిక్ ఫినిష్ నగ అయితే కలిసిపోయింది. "బంగారం బీరువాలో ఉంచుకుని గిల్టు పెట్టుకుంటావా, అత్తగారివాళ్ళు ఏమనుకుంటారు?" అని అమ్మ. పెళ్ళికి బంగారం, రిసెప్షన్‌కి కెంపురాళ్ళ పొట్టి నెక్లెస్, చెవులకు అమ్మ పాత కెంపుల కమ్మలు అని రాజీకొచ్చాం. హారం జోలికి పోలేదు. అంచు అంత వెడల్పు ఉన్న చీరకు పొడుగు హారం వేస్తే పవిట జరీలో కలిసి ఎటూ కాకుండా పోతుంది.

గాజులకు చార్మినార్ పక్కన లాడ్ బజార్‌కి వెళ్ళా. 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన లక్క గాజులు ఇక్కడివే. ఒక పెద్దాయన నా ముక్క అందుకుని లైటు కింద చూడలేదు, లేచి వాకిట్లోకొచ్చి ఎండలో పట్టుకుని చూశాడు. మిరపపండు రంగు లక్క, మధ్యలో సన్న తెల్లరాళ్ళు చాలన్నాడు. నిప్పుల మీద లక్క వేడి చేసి, మెత్తబడగానే కడియం చుట్టూ సాగదీసి, ఇంకా వెచ్చగా ఉండగానే రాళ్ళు ఒక్కొక్కటీ అద్దాడు. నా సైజు రెండు-ఆరు. అంటే లోపలి వెడల్పు రెండంగుళాల మీద పదహారో వంతులు ఆరు. ఇన్నేళ్ళూ రెండు పాయింట్ ఆరు అంగుళాలనుకునేదాన్ని.

అసలు గండం లైట్లతో వచ్చింది. భోజనాల మెనూ ఖాయం చేసుకోవడానికి ఫంక్షన్ హాల్‌కి వెళ్ళినప్పుడు, పనిలో పనిగా స్టేజీ లైట్లు వేయించి ముక్క పెట్టి చూశా. నీలం ఎల్‌ఈడీ కింద నా మిరపపండు నల్లగా అయిపోయింది! ఆ వెలుతురులో ఎరుపు లేకపోతే ఎర్రగుడ్డ మాత్రం ఏం చూపిస్తుంది. నేను కొన్న ముదురు మెరూన్ లిప్‌స్టిక్ గతి కూడా అంతే. డెకరేషన్ వాళ్ళని బతిమాలి ముందువైపు వెచ్చటి తెల్ల లైట్లు పెట్టించా, లిప్‌స్టిక్ ఇటుక ఎరుపుకి మార్చా.

ఫౌండేషన్ మణికట్టు మీద కాకుండా దవడ మీద రాసుకుని, పావుగంట ఆగి, కిటికీ దగ్గర చూసుకున్నా. కొన్ని ఆరాక ఒక ఛాయ ముదురుతాయి. నాది చామనచాయ. ఒక ఛాయ తెల్లగా వేస్తానని పార్లర్ అమ్మాయి ఎంత చెప్పినా వినలేదు. రాత్రి లైట్లన్నీ ఆర్పి ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫొటో తీయించుకుంటే ముఖం పిండి రాసినట్టుంది, మెడ మామూలుగా ఉంది. కింద రాసిన సన్‌స్క్రీన్‌లోని జింక్ ఆక్సైడ్ ఫ్లాష్‌ని వెనక్కి కొడుతోంది. సాయంత్రం ఫంక్షన్‌కి ఎండ లేదు కదా, అది మానేశా. కళ్ళకు కాటుక, కాస్త రాగి రంగు, అంతే.

పూల దగ్గర నేను ఓడిపోయా. మాఘంలో మల్లెలు ఎక్కడ, అమ్మ కనకాంబరాలు తెచ్చింది. నారింజ రంగు ఈ చీరకి నప్పదని గొడవ చేశా. తను వినకుండా జడలో తురిమేసింది. వెనక నుంచి తీసిన ఫొటోల్లో నీలం పవిట మీద ఆ నారింజ మాలే ముందు కనిపిస్తోంది. అవే బాగొచ్చాయి.

స్టేజీ దిగేటప్పుడు పిల్లల తోపులాటలో చెయ్యి రెయిలింగ్‌కి తగిలి రెండు గాజులు చిట్లాయి. లక్క వేడికి మెత్తబడుతుంది, దెబ్బకి పగులుతుంది. మిగిలినవి దూదిలో చుట్టి, జాకెట్టు ముక్కతో పాటు బీరువాలో పెట్టా. ఐషాడోతో మా అమ్మాయి బొమ్మలకు రంగులేస్తోంది.