హెడ్డు గారు దిద్దిన డిటెక్టివ్ కథ

మన బ్యాచ్ వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ తర్వాతొచ్చిన పిల్లలకి తెలీదు కదా, తొమ్మిదో క్లాసులో మనం ఒక చేతిరాత పత్రిక నడిపేవాళ్లం, లాంగ్ నోట్‌బుక్కులో కార్బన్ పేపర్ పెట్టి రెండు కాపీలు. కవితలు ఎవరూ చదివేవారు కాదు, రాసినోళ్లతో సహా. అందరూ ఎగబడేది చివరి పేజీల్లో డిటెక్టివ్ సీరియల్ కోసమే.

అప్పట్లో అందరం అద్దె పుస్తకాల షాపుల మీద పడి బతికినోళ్లమే, కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అసిస్టెంట్ రాజు అంటే పిచ్చి. యుగంధర్‌ది మద్రాసు, మన సీరియల్లో మాత్రం శవం ఎప్పుడూ ఫిషింగ్ హార్బర్లోనే తేలేది, హంతకుడు మన విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ ఎక్కేసి పారిపోయేవాడు (నేవీ వాళ్లు ఎక్కనిస్తారా అని ఎవడూ అడగలేదు). ఆఖర్న ఇన్‌స్పెక్టర్ రెండు పీకితే "నేనే చంపాను" అనేవాడు, శుభం.

మన క్లాసులో ఒకడి నాన్నగారు హెడ్ కానిస్టేబుల్. నోట్‌బుక్ ఎలాగో ఆయన చేతిలో పడింది. తిడతారేమో అనుకుంటే, ఆదివారం పూట మమ్మల్ని పోలీస్ క్వార్టర్స్‌లో వాళ్ల అరుగు మీద కూర్చోబెట్టి ఎర్ర రీఫిల్‌తో మొత్తం దిద్దారు, తెలుగు మాస్టారు కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ దిద్దలేదు.

"ఏట్రా ఇది, పోలీసోడి దగ్గర ఒప్పుకుంటే అయిపోద్దేటి? ఎవిడెన్స్ యాక్టు 25 సెక్షన్, కోర్టులో చెల్లదు. ఆడు చెప్పిన చోట కత్తి దొరికిందనుకో, 27 కింద ఆ ముక్క వరకే పనికొస్తాది. మూడ్రోజులు లాకప్పులో ఎలా ఉంచేసార్రా? 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాల. శవ పంచనామాకి పెద్దమనుషులేరీ?"

కత్తిని గుడ్డలో చుట్టి, లక్క కరిగించి సీలేసి, చీటీ మీద మధ్యవర్తుల (అంటే పక్కనుండి చూసి సాక్షులుగా నిలబడేవాళ్ల) సంతకాలు ఎలా తీసుకుంటారో అగ్గిపుల్లా, పాత రుమాలూ పెట్టి చేసి మరీ చూపించారు.

తర్వాతి భాగంలో మర్డరే లేదు. తెల్లారుజామున హార్బర్లో చేపల వేలం జరుగుతుంటే ఎస్సై మధ్యవర్తుల కోసం తిరుగుతాడు, అడిగిన ప్రతివాడూ "నాకేటి తెల్దు బాబూ" అని బుట్ట నెత్తికెత్తుకుని జారుకుంటాడు, చివరికి టీ కొట్టాయన వేలిముద్ర వేస్తానంటాడు, అదీ పాత బాకీ తీర్చేస్తేనే. ఆ భాగం చదివినంతగా జనం ఇంకేదీ చదవలేదు, నాకైతే ఇప్పటికీ సీసీటీవీలో ఒక్క చూపుతో దొంగని పట్టేసే హీరో పోలీసు కంటే సంతకం కోసం కాళ్లరిగేలా తిరిగే ఎస్సై కథే ఇష్టం.

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలొచ్చి ఆ 25, 27 రెండూ ఎవిడెన్స్ యాక్టు బదులొచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ కిందకి చేరాయి, నంబరే మారింది, హెడ్డు గారు చెప్పిన రూలు అలాగే ఉంది. కొత్తదేంటంటే ఇప్పుడు సోదా, స్వాధీనం అంతా వీడియో తీయాలి. సావనీర్ కమిటీ వాళ్లు ఇంకో కథ అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా, ఈసారి హార్బర్లో ఎస్సై సంచీ విప్పేసరికి ఫోను చార్జింగ్ అయిపోతుంది, పక్కన టీ కొట్టాయన ప్లగ్గు ఇవ్వనంటాడు.