కొండ కాస్తా కండ: నా చవక కీబోర్డు చిట్టా

జూన్ 8

ఆర్డరు పెట్టేశాను. 68 కీల వైర్‌లెస్ మెకానికల్ బోర్డు (ప్రతి కీ కిందా విడిగా ఒక స్విచ్ ఉండేది), రెడ్ స్విచ్‌లు, తెల్ల రంగు. ధర 2,140, షిప్పింగ్ 650. అమ్మేవాడు షెన్‌జెన్‌లో ఉన్నాడట. అలీఎక్స్‌ప్రెస్ 2020 నవంబర్‌లో కేంద్రం నిషేధించిన 43 యాప్‌ల జాబితాలో పోయింది కాబట్టి, ఇండియాకి పంపే ఇంకో విదేశీ సైటు వెతుక్కున్నాను.

ఎందుకంటే నాన్న నోటుబుక్కులు. ఆయన ఇక్కడి విశాఖ పోర్టులో టైపిస్టుగా చేసి రిటైరయ్యారు. తెలుగు టైపు హయ్యర్ పాసైన మనిషి. రిటైరయ్యాక చేత్తో మూడు నోటుబుక్కులు నింపారు, ఇప్పుడు ఆయన అక్షరాలు ఆయనకే ఆనడం లేదు. రాత్రి తొమ్మిది దాటాక భూతద్దం పెట్టుకుని ఆయన చదువుతారు, నేను కొడతాను. ల్యాప్‌టాప్ కీబోర్డు మీద అరగంట కొడితే వేళ్ల కొసలు మంటలెక్కుతున్నాయి.

రెడ్ స్విచ్ ఎందుకంటే క్లిక్కుమని చప్పుడు చేయదు, మధ్యలో గతుకు ఉండదు. 45 గ్రాముల బరువు ఆనితే చాలు, 2 మిల్లీమీటర్లు దిగగానే అక్షరం పడుతుంది, మొత్తం లోతు 4. చెర్రీ అనే కంపెనీ వాళ్ల ఎంఎక్స్ స్విచ్ మీద పేటెంట్ గడువు తీరాక అదే కొలతలతో చైనాలో బోలెడు కంపెనీలు చేస్తున్నాయి. ఈ ధరకి మెకానికల్ బోర్డు దొరుకుతోందంటే అందుకే.

జూన్ 29

వచ్చింది. 21 రోజులు. అందులో సగం ‘కస్టమ్స్‌లో ఉంది’ అన్న ఒక్క వాక్యం చూస్తూనే గడిచిపోయాయి.

పోస్ట్‌మాన్ గుమ్మం దగ్గరే ఆగి, ‘విదేశీ పార్సిలు బాబూ, డ్యూటీ కట్టాలి’ అన్నాడు. 1,172 రూపాయలు. ఆ లెక్క వస్తువు ధర మీదే వేస్తారనుకున్నాను. కాదు, షిప్పింగ్ కూడా కలిపి వేస్తారు. ‘గిఫ్ట్ అని రాయించుకోండి, డ్యూటీ పడదు’ అని ఇంకా సలహాలిచ్చేవాళ్లున్నారు. ఆ వెసులుబాటు 2019 డిసెంబర్‌లోనే పోయింది, రాఖీలకీ ప్రాణాధార మందులకీ తప్ప. కార్డు వాడు విదేశీ మారకం పేరుతో తీసుకున్న వంద పైచిలుకు కూడా కలిపితే నాలుగు వేలు దాటింది. ఆ డబ్బుకి ద్వారకానగర్‌లో ఏదో ఒక షాపులో వారంటీ చీటీతో సహా కొనుక్కోవచ్చు. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

పెట్టెలో బోర్డు, ల్యాప్‌టాప్‌కి గుచ్చి వైర్‌లెస్ సిగ్నల్ అందుకునే వేలిగోరంత డాంగిల్, టైప్ సి వైరు, కీలు పీకే తీగ, స్విచ్‌లు పీకే పట్టకారు, రెండు అదనపు స్విచ్‌లు ఉన్నాయి. ఆ రెండు స్విచ్‌లూ భద్రంగా దాచుకోవాలని అప్పుడు తెలియదు, దాదాపు పెట్టెతో పాటు పారేశాను.

జూలై 1

మొదటి రాత్రి. పది లైన్లు అయ్యేసరికి నాన్న భూతద్దం దించి, ‘ఏట్రా అది, పెంకుల మీద వాన పడ్డట్టుంది’ అన్నారు. మెచ్చుకోలో కాదో తెలియలేదు. కాసేపటికి చేయి చాపి ఆయనే నాలుగు కీలు కొట్టి చూశారు. టైపు మిషను అలవాటు, పై నుంచి గుద్దుతారు. ‘మా మిషనయితే తిరిగి చేతిని తన్నేది. ఇది మెత్తగా దిగిపోతోంది’ అన్నారు.

జూలై 3

పెద్ద తప్పు ఈరోజు బయటపడింది, తప్పు పూర్తిగా నాది.

నేను కొట్టేది ఇన్‌స్క్రిప్ట్, అంటే భారతీయ భాషల కోసం చేసిన కీల వరస. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి. అందులో ‘ఒ’, దాని గుణింతపు గుర్తు ‘ొ’ ఎక్కడుంటాయంటే, ఎడమవైపు పైమూల, 1 అంకె పక్కన, టిల్డా (~) కీ మీద. ఇంగ్లీషు వాళ్లు ఆ కీని నెలకోసారి కూడా ముట్టరు. అందుకే 68 కీల బోర్డు చేసేవాడు పైనున్న ఎఫ్ వరస (ఎఫ్1, ఎఫ్2 లాంటి కీలు) తీసేసి, ఎస్కేప్‌ని కిందికి దించి సరిగ్గా ఆ కీ చోటులో కూర్చోబెట్టాడు. టిల్డా కావాలంటే ఎఫ్ఎన్ పట్టుకుని ఎస్కేప్ కొట్టాలి. ఫోటోలో ఇదంతా కనిపిస్తూనే ఉంది. నేను చూసింది లైట్ల రంగులు.

ఫలితం: నాన్న ‘సింహాచలం కొండ’ అని చదివితే తెర మీద ‘సింహాచలం కండ’ పడింది. కొబ్బరికాయ కబ్బరికాయ, పొలం పలం, రొయ్యలు రయ్యలు. ‘ఒక’ అన్న మాటయితే ఇంకా ఘోరం. ‘ఒ’ కోసం పాత అలవాటున షిఫ్ట్ పట్టుకుని ఆ మూల కొట్టగానే క్రోమ్‌లో టాస్క్ మేనేజర్ తెరుచుకుంది. షిఫ్ట్, ఎస్కేప్ కలిస్తే దానికి షార్ట్‌కట్టట. తెలుగులో ‘ఒక’ లేకుండా ఒక్క పేరా రాయండి చూద్దాం. ఆ రాత్రి ఆ కిటికీని నలభైసార్లు మూసి ఉంటాను.

ఈ బోర్డుకి కీలు మార్చుకునే సాఫ్ట్‌వేరేమీ లేదు. అందుకని విండోస్ వైపునుంచే దారి వెతికాను. షార్ప్‌కీస్ అని చిన్న ఉచిత ప్రోగ్రాం. ఏ కీ నొక్కితే ఏ కీగా తీసుకోవాలో విండోస్ రిజిస్ట్రీలో రాసి పెడుతుంది. క్యాప్స్ లాక్‌ని టిల్డా కీగా మార్చి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. తెలుగులో పెద్దబడి చిన్నబడి (క్యాపిటల్, స్మాల్) అక్షరాలు లేవు కాబట్టి ఆ క్యాప్స్ లాక్ మనకెలాగూ నిరుద్యోగే. ఎడమ చిటికెన వేలు పక్కనే ఉంటుంది, షిఫ్ట్‌తో కలిపితే ‘ఒ’ కూడా పడుతోంది. నిజం చెప్పాలంటే పాత చోటుకన్నా ఇదే సుఖం. ల్యాప్‌టాప్ సొంత కీబోర్డుకి కూడా ఈ మార్పు వర్తిస్తుంది, మా అబ్బాయి తన ప్రాజెక్టు కొడుతూ గోల పెట్టాడు.

కొత్తగా కొనేవాళ్లెవరైనా ఇన్‌స్క్రిప్ట్ వాళ్లయితే 75 శాతం బోర్డు, అంటే 80 పైచిలుకు కీలుండేది తీసుకోండి. అందులో ఎఫ్ వరస ఉంటుంది, టిల్డా తన చోటులో తానుంటుంది.

జూలై 6

బ్లూటూత్ వదిలేశాను. నాన్న పేజీ తిప్పుతూ రెండు నిమిషాలు ఏదో గుర్తుచేసుకుంటారు, ఈలోగా బోర్డు నిద్రపోతుంది. లేచేటప్పుడు మొదటి నొక్కు మింగేస్తుంది. ‘విశాఖ’ కొడితే ‘వ’ పోయి, గుడి ఒక్కటే చుక్కల సున్నా నెత్తిన కూర్చుంటుంది.

ఆ చుక్కల సున్నా గురించి ఒక మాట. ఇంగ్లీషులో అక్షరం ఎగిరిపోతే తప్పు మాట పడుతుంది, కళ్లు జారిపోతాయి. తెలుగులో గుణింతానికి ఆనుకోవడానికి హల్లు దొరక్కపోతే తెర మీద చుక్కలతో సున్నా ప్రత్యక్షమవుతుంది. కీబోర్డు చేసే చిల్లర దొంగతనాలన్నీ అక్కడ పట్టుబడతాయి. ఇంగ్లీషులో ఈ బోర్డుని సమీక్షించిన వాళ్లంతా బాగుందనే రాశారు. వాళ్లకి చుక్కల సున్నా లేదు మరి.

డాంగిల్ పెడితే నిద్ర సమస్య పోయింది కానీ అక్కడక్కడ అక్షరాలు ఎగరడం మొదలైంది. పక్క పోర్టులో హార్డ్ డిస్క్ ఉంది. యూఎస్‌బీ 3.0 పని చేసేటప్పుడు పుట్టే రొద సరిగ్గా ఇలాంటి డాంగిళ్లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పడుతుందని ఇంటెల్ వాళ్లే 2012లో ఓ పత్రం వేశారు. డాంగిల్‌ని పాత యూఎస్‌బీ వైరొకటి తగిలించి మూరెడు దూరం జరిపాను. అంతే, ఎగరడం ఆగింది.

జూలై 12, ఆదివారం

స్పేస్‌బార్ మోత. కొట్టినప్పుడల్లా తలుపు గొళ్లెం ఊగినట్టు. పొడుగు కీలు వంగకుండా కింద తీగ ఒకటి ఉంటుంది, స్టెబిలైజర్ అంటారు. అది పొడిగా ఉంటే ఇలా మోగుతుంది. దీనికి అందరూ చెప్పే క్రైటాక్స్ గ్రీజు చిన్న డబ్బాయే ఖరీదు, మళ్లీ విదేశం నుంచి, మళ్లీ డ్యూటీ. మా వీధి చివర ఆర్‌ఓ ఫిల్టర్లు బాగుచేసే కుర్రాడున్నాడు. ఫిల్టరు రబ్బరు రింగులకి వాళ్లు పూసేది సిలికాన్ గ్రీజే. అడిగితే, ‘ఏటి గురూ, కీబోర్డుకి కూడా నీళ్లు పట్టిస్తావేటి?’ అని నవ్వి చిన్న ట్యూబు ముప్పై రూపాయలకి ఇచ్చాడు. మందుల షాపులో 2 మిల్లీలీటర్ల సిరంజి కొన్నాను.

బోర్డు విప్పాలంటే ముందు కీక్యాప్‌లు పీకాలి, వాటి కింద మరలు. మూత లేపేటప్పుడు నెమ్మది, బ్యాటరీ తీగ చిన్నది, లాగితే తెగుతుంది. ముందు ఆ తీగ ఊడదీసి, తర్వాతే మిగతా పని. లోపల వెండిరంగు సంచీలాంటి బ్యాటరీ, దాని మీద సామర్థ్యం ‘1,900’ ఎంఏహెచ్ అని ముద్ర. అమ్మకపు పేజీలో 3,000 అని ఉంది.

ఫోటో తీసి అమ్మినవాడికి పెట్టాను. తెల్లారేసరికి ‘ప్రియమైన మిత్రమా’ అని మొదలెట్టి, వెనక్కి పంపితే మొత్తం ఇస్తాను, లేదంటే 350 రూపాయలంత వాపసు చేస్తాను అన్నాడు. లిథియం బ్యాటరీ ఉన్న సరుకుని ఇక్కడి నుంచి విమానంలో పంపడమంటే సగం చోట్ల తీసుకోరు, తీసుకున్న చోట ఖర్చు బోర్డుకన్నా ఎక్కువ. వాడికీ ఆ సంగతి తెలుసు. 350 తీసుకున్నాను. లైట్లు వెలిగించి పెడితే చార్జింగ్ మూడు రాత్రులు వస్తోంది. లైట్లు ఆర్పేశాక ఎంత వస్తుందో ఇంకా లెక్క తేలలేదు.

సిరంజితో స్టెబిలైజర్ తీగ రెండు కొసలకీ గ్రీజు పెట్టాను. వడ్రంగి వాడే మాస్కింగ్ టేపు రెండు పొరలు బోర్డు వెనక అతికించాను. చప్పుడు నిజంగానే మారింది. పెంకుల మీద వాన కాస్తా ఇసుక మీద వాన అయింది. ఊపులో ఉన్నాను కదా, ఎక్కువ వాడే ఆరు స్విచ్‌లు కూడా విప్పి వాటికీ పూశాను. అక్కడ ఆగి ఉంటే బాగుండేది.

జూలై 20

నాన్న రెండు రోజులుగా 1966 దగ్గరున్నారు. ఉక్కు ఉద్యమం నాటికి ఆయనకి పదమూడేళ్లు. ‘విశాఖ ఉక్కు’ అని చదివారు, కొట్టాను. తెర మీద ‘ఉక్కు’ మధ్యలో చుక్కల సున్నా. చెరిపి మళ్లీ కొట్టాను, మళ్లీ సున్నా. మూడోసారి సరిగ్గా పడింది. ‘ఏట్రా, ఉక్కు దగ్గర ఆగిపోయావు?’ అన్నారు.

ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు డి కీ మీద ఉంటుంది. వత్తు పడాలంటే మధ్యలో పొల్లు కొట్టాల్సిందే. ‘అ’ కూడా దాని మీదే, షిఫ్ట్‌తో. ‘అమ్మ’ అన్న మాటకి నాలుగు నొక్కులయితే రెండు డి మీదే. తెలుగు కొట్టేవాడి దగ్గర బోర్డులో మొదట అరిగేది ఆ కీ. ఇప్పుడది ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది. రెండు పొల్లులు వరసగా వస్తే రెండోదానికి ఆనుకోవడానికేమీ ఉండదు, చుక్కల సున్నా.

స్విచ్ లోపల రెండు రాగి రేకులు తాకితే అక్షరం. తాకేటప్పుడు అవి కాస్త అదురుతాయి. చెర్రీ వాళ్లు ఒకప్పుడు తమ స్విచ్‌కి చెప్పుకున్న లెక్కే 5 మిల్లీసెకన్ల లోపు. ఆ అదురుని లెక్కలోకి తీసుకోకుండా బోర్డులోని చిప్ కాస్త ఆగి చూస్తుంది. అదురు అంతకు మించితే రెండు నొక్కులనుకుంటుంది. డి స్విచ్ పట్టకారుతో పీకి, నాలుగు కొక్కేలూ తప్పించి పై మూత తీసి దీపం కింద పెట్టి చూశాను. రేకు మీద మెరుస్తూ ఆవగింజంత గ్రీజు ముద్ద. నేను పూసినదే. ఆర్‌ఓ గ్రీజు చిక్కన, రేకుకి అంటకూడదు. పక్క గోడలకి, స్ప్రింగు కొసకి మాత్రమే, అది కూడా కుంచెతో, ఉందా లేదా అన్నంత పలచగా పూయాలి.

పారేయబోయిన ఆ రెండు అదనపు స్విచ్‌లలో ఒకటి అక్కడ గుచ్చాను. గుచ్చేటప్పుడు కాళ్లు నిటారుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి, వంగితే సాకెట్‌లోకి దిగకుండా మడత పడతాయి. సోల్డరింగ్ అక్కర్లేకుండా స్విచ్ మార్చే వీలుంది కాబట్టి పది నిమిషాల్లో అయిపోయింది. హాట్ స్వాప్ అని రాసి లేని బోర్డు ఈ ధరలో నేను మళ్లీ కొనను. మిగతా ఐదు స్విచ్‌లు కూడా విప్పి రేకులు తుడిచాను. రాత్రి పన్నెండున్నర.

ఆగస్టు 2

మేముండేది పెదజాలరిపేట దగ్గర, మేడ మీదికెక్కితే సముద్రం. ఉప్పు గాలికి మా కిటికీ చువ్వలే ఏడాదికోసారి రంగు అడుగుతాయి. ఈరోజు కీక్యాప్‌లు తీసి చూస్తే, కింది ఇనుప రేకు అంచున, రంగు లేచిన చోట రెండు గోధుమరంగు చుక్కలు. గ్రీజు పూసిన తీగలకి మాత్రం ఏమీ కాలేదు. చుక్కల మీద సన్న గరుకు కాగితం రుద్ది, అమ్మాయి గోళ్లరంగు, రంగులేనిది, ఒక పూత వేశాను. వాడనప్పుడు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేస్తున్నాను. అవి తేమ పీల్చి నిండిపోతాయి కాబట్టి మంచి ఎండ రోజున ఆరబెట్టాలి. ఈ ఊళ్లో ఆగస్టులో మంచి ఎండ రోజు చూసుకోవడమే కష్టం.

ఆగస్టు 9

లైట్లు ఆర్పితే ఒక చార్జికి 19 రాత్రులు, రోజుకి గంటన్నర లెక్కన. 3,000 కాకపోయినా నాకు సరిపోతోంది.

నిన్న నాన్న, ‘ఓసారి నన్ను కూర్చోనీ’ అన్నారు. ఇన్‌స్క్రిప్ట్ ఆయనకి రాదు, మిషను కీల వరస వేరు. డి కీ మీద, క్యాప్స్ లాక్ మీద తెల్ల ప్లాస్టరు ముక్కలంటించి ‘్’, ‘ొ’ అని రాసిచ్చాను. మిగతావి ఒక్కొక్కటీ అడుగుతూ, పై నుంచి గుద్దుతూ, ఇరవై నిమిషాల్లో తన పేరు, ఊరు, ‘ఒక’ అన్న మాట కొట్టారు. చుక్కల సున్నా ఒక్కటీ రాలేదు.

మొదటి నోటుబుక్కు అయిపోయింది. రెండోది పన్నెండో పేజీలో ఉన్నాం. స్పేస్‌బార్ కుడి కొస మళ్లీ సన్నగా మోగుతోంది, వచ్చే ఆదివారం విప్పాలి.