లాంకాస్టర్ పల్లెలో మా పెళ్లి: నా అనుభవం

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఉద్యోగరీత్యా అమెరికాలోని పెన్సిల్వేనియాకు వచ్చి, లాంకాస్టర్ కౌంటీలో ఒక పల్లెలో నా సహచరుడితో కలిసి స్థిరపడ్డాను. మేమిద్దరమూ మగవాళ్లమే. మా ఇంటికి మూడు వైపులా ఆమిష్ వారి పొలాలే. ఆమిష్ అంటే పాతకాలపు కట్టుబాట్లతో నిరాడంబరంగా బతికే ఒక క్రైస్తవ శాఖ. వారు కారు సొంతంగా ఉంచుకోరు, నడపరు. ఇతరులు నడిపే బండి ఎక్కడానికి మాత్రం అభ్యంతరం లేదు. గుర్రపు బగ్గీకి అందని దూరాలకు వారిని వ్యానులో తీసుకువెళ్లి మైలుకు ఇంత అని తీసుకోవడమే నా సహచరుడి జీవనాధారం. అందువల్ల పెళ్లి ఆలోచన వచ్చినప్పుడు మేము ముందుగా లెక్క వేసుకున్నది ఖర్చు కాదు, ఎన్ని ఇళ్ల నుంచి వ్యాను కోసం వచ్చే ఫోన్లు ఆగిపోతాయన్నది.

2014 మే 20న ఫెడరల్ కోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి ఈ రాష్ట్రంలో మావంటి జంటలకు చట్టపరంగా అడ్డు లేదు. 2019 అక్టోబరులో ఇద్దరమూ కౌంటీ కార్యాలయానికి వెళ్లి, గుర్తింపు పత్రాలు చూపించి, ప్రమాణం చేసి దరఖాస్తు ఇచ్చాము. మూడు రోజులు ఆగితే లైసెన్సు చేతికి వస్తుంది, 60 రోజులు చెల్లుతుంది. కిటికీ అవతల ఉన్న ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూడనైనా లేదు. పెళ్లి జరిపించేవారు ఉంటారా, ఉండరా అని మాత్రం అడిగింది. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారి కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ ప్రకారం ఇక్కడ జరిపించేవారు లేకుండానే, ఇద్దరు సాక్షుల సంతకాలతో పెళ్లి చేసుకునే లైసెన్సు ఒకటి ఉంది. నా సహచరుడిది మెన్నోనైట్ (ఆమిష్‌కు దగ్గరి క్రైస్తవ శాఖ) కుటుంబం. అతని తల్లి వెళ్లే సంఘం లాంకాస్టర్ కాన్ఫరెన్సు అనే చర్చిల సమాఖ్యలోది. ఆ కాన్ఫరెన్సు మావంటివారి విషయంలో వచ్చిన విభేదాల వల్ల కూడా 2017 చివరికల్లా మెన్నోనైట్ల జాతీయ సంస్థ నుంచి విడిపోయింది. అందువల్ల ఆ పాస్టరును అడగలేదు. పురోహితుణ్ణి అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

ఒక సాక్షి దొరికాడు. రెండవ సాక్షిగా, పదేళ్లుగా మా వ్యాను ఎక్కుతున్న పక్క పొలం పెద్దాయనను అడుగుదామని నా సహచరుడు అన్నాడు. వద్దని చెప్పినా వినలేదు. మేము వెళ్లేసరికి ఆయన కొట్టం ముందు తోపుడు స్కూటరు చక్రం బిగిస్తున్నాడు. విషయం విని, పానా కింద పెట్టి, చేతులు తుడుచుకుని, చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, మీరు ఇంగ్లిష్ వాళ్లు, మీకు మా కట్టుబాటు లేదు, మీరు ఎలా బతకాలో చెప్పడం నా పని కాదు, కానీ నా పేరు ఆ కాగితం మీద పెట్టలేను అన్నాడు. (ఆమిష్ కాని ప్రతివారూ వారికి ఇంగ్లిష్ వాళ్లే, తెనాలి వాణ్ణి నేను కూడా.) చివరికి నాతో పనిచేసే ఒకావిడ సంతకం పెట్టింది. నవంబరులో మంగళ, గురువారాలు ఆమిష్ వారి పెళ్లిళ్లతో వ్యానుకు తీరిక ఉండదు కనుక మా పెళ్లి ఒక శనివారం మా వరండాలోనే జరిగింది. ఫోనులో చూసిన మా అమ్మ, ఊళ్లో ఎవరికీ చెప్పకు నాయనా అని మాత్రం అన్నది.

తరువాత ఫోన్ల సంగతి. ఆమిష్ వారిలో సుమారు 25 నుంచి 40 కుటుంబాలు కలిసి ఒక సంఘం. కట్టుబాట్లను ఏ సంఘానికి ఆ సంఘమే నిర్ణయించుకుంటుంది. దక్షిణాన ఉన్న సంఘం నుంచి ఫోన్లు రెండు వారాల్లో దాదాపు నిలిచిపోయాయి. రోడ్డుకు ఇవతలి సంఘం వారు ఎప్పటిలాగే పిలిచారు. ఆ పెద్దాయన సోమవారమే దంతవైద్యుడి దగ్గరికి వెళ్లాలని వచ్చి, శనివారం వాన పడలేదు కదా అని మాత్రం అడిగాడు. దీనిని ఆమోదం అనడానికి నాకు నోరు రాదు. వారి కంచెకు బయట ఉన్నాము కనుక మాకు ఆ మర్యాద దక్కింది. బాప్తిస్మం తీసుకుని మాట తప్పినవారిని మాత్రం వెలి వేస్తారు: ఒకే బల్ల మీద తినరు, వారి చేతి నుంచి ఏదీ అందుకోరు. బాప్తిస్మానికి ముందే వెళ్లిపోయినవారికి ఆ వెలి ఉండదు.

మరుసటి వేసవిలో ఒక రోజు వ్యానులో అందరూ దిగిపోయాక ఒక కుర్రవాడు మిగిలాడట. నువ్వు నీ సంగతి ఇంట్లో చెప్పింది బాప్తిస్మానికి ముందా, తరువాతా అని అడిగాడట. తరువాత అని నా సహచరుడు చెప్పాడు. వారిలో బాప్తిస్మం చాలావరకు శరదృతువులో జరుగుతుంది. దానికి ముందు వేసవి అంతా పాఠాలు నడుస్తాయి. ఆ పాఠాలు ఎన్ని అయ్యాయో ఇతను అడగలేదు. కుర్రవాడు మైళ్లు లెక్క చూసి, చిల్లరతో సహా డబ్బు ఇచ్చి, గడ్డి టోపీ పెట్టుకుని, ఇల్లు ఇంకా ఫర్లాంగు దూరం ఉండగానే దిగి నడిచి వెళ్లాడు.